ఇంటినిండా పిల్లులు



ఇంట్లో ఒక్క పిల్లి ఉంటే దానికి ఒంట్లో బాగాలేదని మనకు తెలుస్తుంది. ఐదుంటే, ఎవరికో బాగాలేదని మాత్రమే తెలుస్తుంది. పొద్దున్నే లేచి హాల్లోకి వచ్చేసరికి సోఫా పక్కన ఎవరో కక్కి ఉంటారు. ఎవరు? ఐదూ వరుసగా కూర్చుని మన మొహంలోకే చూస్తుంటాయి. ఒక్కటీ ఒప్పుకోదు. గిన్నెలు మాత్రం ఖాళీ. తిననిదాని వాటా కూడా తినిపెట్టే మహానుభావుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. గిన్నె ఖాళీ అయింది కాబట్టి అందరూ తిన్నట్టేనని మనం మన పని చూసుకుంటాం. వచ్చిన చిక్కంతా అక్కడే. ఈవేళ నా మాటలు ఆ చిక్కు గురించి, దానివల్ల పోయిన ప్రాణాల గురించి, దక్కిన ప్రాణాల గురించి.

మాది తార్నాక. అంతకుముందు చాలా ఏళ్లు ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్సులో ఉన్నాం. మావారు అక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం గురించి, 1939లో తలుపులు తెరిచిన ఆర్ట్స్ కాలేజీ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ చలికాలం పొద్దున ఆ రాతిమెట్ల మీద ఎండకాగే పిల్లుల గురించి ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యం రాసినట్టు నేను చూడలేదు. హాస్టల్ మెస్సుల వెనక, క్యాంటీన్ల చుట్టూ, పొదల్లో, బండల సందుల్లో వాటి వంశాలు తరతరాలుగా సాగుతున్నాయి. విద్యార్థులు మారుతుంటారు, వీసీలు మారుతుంటారు. వాటికి బదిలీల్లేవు, రిటైర్మెంటు లేదు.

మేం ఏ పిల్లినీ కొనలేదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. గౌరి అనే మూడురంగుల పిల్లి అలాగే తిప్పుకుంటూ వచ్చి మా స్కూటరు షెడ్డులో ఆగింది. ఏడో ఇల్లు మాదే అయుండాలి. దాని పిల్లల్లో బూడిదరంగు వాడు వరండా కుర్చీ ఎక్కి, వచ్చిపోయేవాళ్లందరినీ అప్రసన్నంగా చూసేవాడు. మావారు వాడికి డీన్ అని పేరు పెట్టారు. నల్లది కాటుక. మెస్సు దగ్గర దొరికినవాడు ఉప్మా. చాలా తర్వాత ఉస్మానియా బిస్కట్ రంగులో ఒక బుడతడు వచ్చాడు. వాడి పేరు మీరే ఊహించగలరు.

జబ్బంటే ఏమిటో మాకు మొదట నేర్పింది గౌరి రెండో కాన్పు. నాలుగు పిల్లలు. ఒకరోజు వాటిలో ఒకటి తిండి ముట్టలేదు. మధ్యాహ్నానికి నీళ్లగిన్నె అంచు మీద గడ్డం ఆనించి కూర్చుంది. తాగదు, కదలదు, మూతి మాత్రం నీళ్లకు ఆనీ ఆనకుండా ఉంది. మర్నాడు రెండోది కూడా అదే గిన్నె దగ్గర అలాగే. ఆ వారంలో నాలుగూ పోయాయి. గౌరికి ఏమీ కాలేదు. ఖాళీ బుట్టలో పడుకుని రాత్రంతా పిలిచేది.

డాక్టరుగారు దాన్ని పాన్‌ల్యూకోపీనియా అన్నారు. కుక్కపిల్లల్ని చంపే పార్వో తెలుసు కదా, దాని దగ్గరి చుట్టమే ఈ వైరస్. పేగుల లోపలి పొరను, ఎముకల్లోని మూలుగను పట్టుకుంటుంది. రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతుంది. నీళ్లగిన్నె మీద తల వాల్చి తాగలేకపోవడం ఈ జబ్బులో తరచుగా కనబడే గుర్తట. దీనికి టీకా ఉంది. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అది ఇంకా ఒంట్లో ఉండగా వేసిన టీకా పట్టకపోవచ్చు. అందుకే అన్నిసార్లు.

ఈ వైరస్‌ది మొండి ప్రాణం. నేలలో, బుట్టలో, చెప్పుల అడుగున ఏడాదిదాకా బతకగలదు. సబ్బు, స్పిరిటు దాన్నేమీ చేయలేవు. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు ముప్ఫై రెండు వంతుల నీళ్లు కలిపి, తుడిచిన చోటు పది నిమిషాలు తడిగా ఉండనిస్తే చస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పిల్లలు పోయిన ఇంటికి ఎవరో ఒకరు మంచి మనసుతో అట్టపెట్టెలో మరో పిల్లిపిల్లను తెచ్చిస్తారు, ఓదార్పుగా. టీకాలు పూర్తికాని ఆ పిల్లను గడప దాటి రానివ్వకూడదు. ఎవరు ఏమనుకున్నా సరే.

ఆ తర్వాత మా ఇంట్లో కాన్పులు లేవు. అందరికీ ఆపరేషన్లు చేయించాం.

మావారు రిటైరయ్యాక 2015లో తార్నాకలో ఫ్లాటుకు మారాం. క్యాంపస్ నుంచి తార్నాక ఎంత దూరం? నడిచి వెళ్లొచ్చు. పిల్లులకు మాత్రం అది దేశాంతరం. క్వార్టర్సులో ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు, ఒక్కో గోడ, ఎవరి మట్టి వాళ్లది. పొట్లాట వస్తే ఒకరు గోడ దూకేసేవారు. ఫ్లాటులో మూడు గదులు, ఒక బాల్కనీ, ఆ బాల్కనీలో ఒక ఇసుక ట్రే. మూత్రం, మలం, కోపం, ప్రేమ అన్నీ ఆ చదరపు అడుగుల్లోనే జరగాలి. పిల్లుల జబ్బుల్లో సగం వైరస్‌వి అయితే మిగతా సగం ఇరుకువని ఆ తర్వాత తెలిసింది.

మొదట డీన్ వంతు వచ్చింది. ఇసుకలో కూర్చుంటాడు, లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. చిన్నగా మూలుగుతాడు. చూసినవాళ్లు మలబద్ధకమని ఆముదం చెబుతారు. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. సన్నని ఇసుకలాంటి రేణువులో, జిగురో అడ్డుపడితే మూత్రం ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. గొట్టం వేసి తీయించాల్సిన పని అది, అదీ ఆ రోజే. డీన్ దక్కాడు. ఎలా వచ్చిందిరా ఇది అని వెతికితే, తిండిలో తడి తక్కువ కావడం ఒకటి, నీళ్లు సరిగా తాగకపోవడం ఒకటి, మూడోది ఉప్మా. బాల్కనీ గుమ్మంలో అడ్డంగా, హాయిగా, కాళ్లు చాపుకుని పడుకునేవాడు. చూడముచ్చటగా ఉండేది. నిజానికి ఆ పడక ఒక చెక్‌పోస్టు. వాడు లేచేదాకా డీన్ ట్రే దగ్గరికి వెళ్లలేక బిగబట్టుకుని కూర్చునేవాడు. ఒక్క అరుపు లేదు, ఒక్క గోరు గీత లేదు. పిల్లుల పెత్తనం చాలావరకు ఇలాగే సాగుతుంది. చూపుతో, పడకతో. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువగా ట్రేలు ఉండాలని పశువైద్యులు చెప్పేది ఇందుకే. అన్నీ ఒకే మూల పెడితే లాభంలేదు. నీళ్లగిన్నెలు కూడా తిండికి దూరంగా నాలుగుచోట్ల ఉండాలి.

ఇక బిస్కట్. 2018 వానాకాలం నాటికి వాడికి రెండేళ్లు నిండలేదు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. మందులకు లొంగలేదు. వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలేవి, పొట్ట మాత్రం పెరుగుతూ వచ్చింది. వచ్చినవాళ్లు బొద్దుగా ఉన్నాడనేవారు. డాక్టరుగారు సూదితో పొట్టలోంచి తీసిన నీరు ఎండుగడ్డి రంగులో ఉంది. చేతి తొడుగు వేళ్ల మధ్య పెట్టి చూపించారు, సన్నని తీగలా సాగింది. ఎఫ్ఐపీ అన్నారు. ఆ మాట చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

దీని కథ కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లులకు ఒక కరోనా వైరస్ ఉంది. 2020లో మనల్ని తలుపులేసుకుని కూర్చోబెట్టింది వేరు, ఇది వేరు. ఇది మనకు అంటదు. పిల్లుల పేగుల్లో ఉంటుంది, మలం ద్వారా పాకుతుంది. ఎక్కువ పిల్లులు ఒకే ట్రే వాడే ఇళ్లలో దాదాపు అన్నిటికీ సోకుతుంది. చాలావాటికి నాలుగు రోజుల విరేచనాలు, లేదంటే అదీ ఉండదు. కానీ వందలో ఐదు నుంచి పది పిల్లుల్లో ఆ వైరస్ ఒంట్లోనే రూపు మార్చుకుంటుంది. పేగులు దాటి రక్తంలోని కణాల్లోకి చేరుతుంది. దాంతో పోరాడబోయి శరీరం తన రక్తనాళాలనే తగలబెట్టుకుంటుంది. నీరు పొట్టలోకి, ఛాతీలోకి కారుతుంది. కొన్నిటికి నీరు రాదు, కళ్లకు, మెదడుకు వస్తుంది. ఇదే ఎఫ్ఐపీ, వచ్చేది ఎక్కువగా రెండేళ్లలోపు వయసువాళ్లకే. గోడలు దూకి, తలోదిక్కు మట్టి తవ్వుకునే క్యాంపస్ పిల్లుల్లో ఆ వైరస్ పలచగా ఉంటుంది. మూడు గదుల్లో, ఒకే ఇసుకలో చిక్కబడుతుంది.

2018లో ఎఫ్ఐపీ అంటే మరణశిక్షే. బిస్కట్ రాత్రిపూట నా మెడకింద దూరి పడుకునేవాడు, జ్వరం ఎక్కువైతే చల్లగా ఉన్న గచ్చు మీదికి పోయేవాడు. ఆగస్టులో పోయాడు. క్యాంపస్‌లో మాకు తెలిసిన కానుగచెట్టు కింద పూడ్చాం. గొయ్యి తవ్విన తోటమాలికి డబ్బివ్వబోతే తీసుకోలేదు. "ఇగ పిల్లిగానికి కూడ పైసలు తీస్కుంటనా అమ్మా" అన్నాడు.

ఆర్నెల్లు తిరక్కుండా, 2019 ఫిబ్రవరిలో, అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ నుంచి ఒక పరిశోధన వెలువడింది. నీల్స్ పెడర్సన్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఈ ఒక్క జబ్బు వెంట దశాబ్దాలు తిరిగారు. ఎఫ్ఐపీ వచ్చిన 31 పిల్లులకు జీఎస్-441524 అనే మందును పన్నెండు వారాలు ఇచ్చారు. 26 పిల్లులు ఆ పన్నెండు వారాలూ గట్టెక్కాయి. కొన్నిటికి జబ్బు తిరగబెడితే మళ్లీ మందిచ్చారు. చివరికి 25 బతికి ఆరోగ్యంగా తిరిగాయి. అంతవరకూ బతకడమన్నదే లేని జబ్బులో ఈ అంకెలు చూసినప్పుడు నాకు సంతోషం కంటే ముందు ఒళ్లు మండింది. ఎవరి మీదో చెప్పలేను.

ఆ మందు గిలియడ్ అనే కంపెనీది. వాళ్లు దాన్ని పిల్లుల మందుగా బజారులోకి తేలేదు. పిల్లుల్ని పెంచేవాళ్లు ఊరుకుంటారా? దేశదేశాల్లో దొంగచాటు సీసాలు తెప్పించుకుని, సూదులు తామే పొడిచి, పిల్లుల్ని బతికించుకున్నారు. ఇంతలో 2020 వచ్చింది. మనుషుల కరోనాకు రెమ్డెసివిర్ అన్నారు. అదీ గిలియడ్‌దే, ఒంట్లోకి వెళ్లాక రక్తంలో ఈ జీఎస్-441524గానే మారుతుంది. అంటే రెండూ ఒకే గోత్రం.

ఇప్పుడు మా తార్నాక సంగతి వినండి. ఉప్పల్ రోడ్డు మీద భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, మనం ఐఐసీటీ అని పిలిచేది, ఉంది కదా. 2020 వేసవిలో రెమ్డెసివిర్ తయారీకి కావలసిన కీలకమైన ముడిపదార్థాలను అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేశారని పేపర్లో చదివాం. ఆ జూన్‌లోనే మన హైదరాబాద్ కంపెనీ హెటిరో ఆ మందును కొవిఫర్ పేరుతో తెచ్చింది. మరుసటి ఏడాది రెండో ఉధృతిలో ఒక్క సీసా కోసం జనం ఎన్ని దుకాణాలు తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. మా బిస్కట్‌ను చంపిన జబ్బుకు పనిచేసే మందుకు ముడిసరుకు మా బాల్కనీలోంచి చూస్తే కనబడేంత దూరంలో తయారైంది, రెండేళ్లు ఆలస్యంగా. మనిషికే దొరకని రోజుల్లో పిల్లి కోసం నోరెత్తేవాళ్లెవరు?

తర్వాత దారులు తెరుచుకున్నాయి. 2021లో బ్రిటన్‌లో పశువైద్యులు ఈ మందును చట్టబద్ధంగా రాయడం మొదలైంది. 2023లో సైప్రస్ దీవిలో కొత్త రకం వైరస్ పుట్టి పిల్లులు పెద్దఎత్తున చచ్చిపోతుంటే, అక్కడి ప్రభుత్వం మనుషుల కోవిడ్ కోసం దాచిన మోల్నుపిరావిర్ మాత్రలను ఆగస్టులో పిల్లులకు ఇచ్చింది. 2024లో అమెరికాలోనూ వైద్యుడి చీటీతో దొరకడం మొదలైంది. ఎన్ని రోజులు వాడాలన్నది కూడా మారుతోంది. మ్యూనిక్‌లో జరిగిన ఒక అధ్యయనం పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరిన పిల్లులకు పన్నెండు వారాల్లో సగం చాలన్నది. అందుకని, ఈ మాట వింటున్నవాళ్లలో ఎవరింట్లోనైనా చిన్నవయసు పిల్లికి తగ్గని జ్వరం, పెరిగే పొట్ట ఉంటే, దీనికి మందు లేదన్న పాత మాట దగ్గర ఆగిపోకండి. మీ పశువైద్యుణ్ని పేరుపెట్టి అడగండి.

కరోనా మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2021 మే నెలలో మన నెహ్రూ జూపార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్టు హబ్సిగూడ సీసీఎంబీ వారి పరీక్షల్లో తేలింది. అవి కోలుకున్నాయి. కానీ ఆ వార్త వచ్చిన వారం మా అపార్టుమెంటులో లిఫ్టు దగ్గర నన్ను చూసి ఇద్దరు మెట్లెక్కి వెళ్లారు. సింహాలకు ఆ జబ్బు మనుషుల నుంచే వచ్చి ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

వైరస్‌లు కనబడవు, వాటి గురించి ఏదో ఒకటి అనుకోవచ్చు. ఇంట్లో మన చేత్తో మనం పోసేవి చూడండి. పిల్లి కాలేయానికి ఒక లోపం ఉంది. కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైము మనకున్నంత దానికి లేదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి నెత్తురు గోధుమరంగుకు తిరిగి, ఊపిరి అందక చచ్చిపోవడానికి. నేల తుడిచే ఫినాయిలూ అంతే. తుడిచిన నేల మీద నడుస్తుంది, కూర్చుని పాదాలు నాకుతుంది, అయిపోయింది. మా పనమ్మాయి ఫినాయిలు వాసన రాకపోతే ఇల్లు తుడిచినట్టే ఉండదనేది. డాక్టరుగారి మాట చెప్పాక సీసా తనే తీసుకెళ్లి కిందిచ్చింది. ఇంకొకటి, కుక్కల గోమార్లకు మెడమీద పోసే మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు మంచిదే కదా అని పిల్లికి పోస్తే వణికి వణికి పోతుంది.

తిండి సంగతి. మనవాళ్లకు పిల్లి అంటే పాలు. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయిందని చిన్నప్పటి నుంచి నవ్వుతున్నాం. పశువైద్యులు విన్నారంటే ఆ పిల్లే తెలివైనదంటారు. పెద్దయిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు. మాది శాకాహార కుటుంబం, మా అత్తగారి హయాంలో పిల్లులకూ పెరుగన్నమే. మా ఇంటికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. మన అన్నంలో, జొన్నలో ఏముందో లెక్కగట్టి చెప్పినవాళ్లు. అలాంటి లెక్క పిల్లులకు వేస్తే తేలేది టారిన్. మాంసంలో, చేపలో ఉండే ఈ పదార్థాన్ని పిల్లి ఒళ్లు తగినంత తయారుచేసుకోలేదు. అది లేకపోతే కంటిచూపు పోతుంది, గుండె సాగిపోయి నీరసిస్తుంది. గుండెకూ దీనికీ ఉన్న సంబంధం అమెరికాలో 1987లో బయటపడింది. పెరుగన్నంతో కొన్నాళ్లు బతికే పిల్లి, బయట ఎలకనో బల్లినో పట్టుకుని లోటు పూడ్చుకుంటూ ఉంటుంది. ఫ్లాటులో ఎలక ఎక్కడిది? మావారు మొహం చిట్లించుకుంటూనే లాలాపేట నుంచి చేపలు తేవడం నేర్చుకున్నారు. ఉడికించడం నా వంతు, ముక్కుకు కొంగు కట్టుకుని. ఉల్లి, వెల్లుల్లి మాత్రం పడకూడదు, అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. కాబట్టి మిగిలిన పులుసు పారబోసినా ఫర్వాలేదు, పిల్లికి పెట్టకండి.

గౌరి మిగతా అందరికంటే పెద్దది. ముసలితనంలో పిల్లులకు మూత్రపిండాలు పోవడం చాలా మామూలు. నీళ్లు ఎక్కువ తాగుతాయి, మూత్రం ఎక్కువ పోస్తాయి, మెల్లగా చిక్కిపోతాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి కనబడేసరికి నాలుగింట మూడు వంతుల పని అప్పటికే ఆగిపోయి ఉంటుంది. నాలుగు పిల్లుల ఇంట్లో నీళ్లగిన్నె త్వరగా ఖాళీ అవడం ఎవరి కళ్లా పడదు. గౌరి స్నానాల గదిలో కుళాయి కింద కూర్చోవడం మొదలుపెట్టాక పట్టుకున్నాం. ఆ తర్వాత ఏడాదిన్నర బాగానే లాగింది. వారానికి కొన్నిసార్లు సెలైన్ సీసాను కిటికీ కడ్డీకి తగిలించి, భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకెత్తి, సూది పెట్టేదాన్ని. మావారు తల నిమురుతూ ఏదో ఒకటి చదివి వినిపించేవారు, ఎక్కువగా పేపరు. చర్మం కింద నీరు చేరి ఒక పక్కకు జారేది. గౌరి ఒంటిభుజం బస్తా మోస్తున్నదానిలా నడుచుకుంటూ వెళ్లిపోయేది.

2023 చివర్లో తిండి పూర్తిగా మానేసింది. నోట్లో పుళ్లు, ఫిట్సు. డాక్టరుగారు ఇంటికే వచ్చారు. ఇంక సూది ఇచ్చి పంపేద్దామా అని అడిగారు, సంతకానికి కాగితం తీశారు. పిల్లిని చంపితే బంగారుపిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని మా అత్తగారు అంటుండేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ కాగితం మీద పెన్ను పెట్టేసరికి ఆ మాటే చెవిలో పడింది. గదిలో ఎవరం ఏమీ అనలేదు. మావారు నా చేతిలోంచి కాగితం తీసుకుని సంతకం చేశారు. తర్వాత ఎప్పుడో అన్నారు, "కాశీ వెళ్దాంలే, ఎలాగూ చూడలేదు కదా" అని. ఇంకా వెళ్లలేదు.

ఇన్నేళ్లూ పోయినవాళ్లను క్యాంపస్ మట్టిలోనే దాచాం. ఈసారి నాగోలు దాటాక ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకోసం ఉన్న దహనవాటికకు తీసుకెళ్లాం. నగరంలో మట్టి లేనివాళ్లకు అదొక ఆధారం. చాలామందికి ఆ చోటు ఉందనే తెలియదు, అందుకే చెబుతున్నాను. రాత్రికి రాత్రి సంచిలో చుట్టి చెత్తబండికి ఇచ్చేవాళ్లను నేనెరుగుదును, వాళ్లకు ప్రేమ లేక కాదు.

మనిషి పోతే పదిరోజులు ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతారు. పిల్లి పోతే మర్నాడు పాలవాడు వస్తాడు, లిఫ్టులో పక్కింటామె "పిల్లే గద మేడమ్, ఇంకా నాలుగున్నయి గదా మీకు" అంటుంది. ఆమె చెడ్డది కాదు. నాలుగు మిగిలాయన్నది తప్పు లెక్క కూడా, అప్పటికి మూడే. ఎన్ని పిల్లులుంటే ఒక్కో చావు అంత తేలిక అనుకోవడం లోకం తీరు. నా అనుభవం వేరు. ఒక్కటే ఉన్న ఇంట్లో పిల్లి పోతే గిన్నె తీసి పైన పెట్టేస్తారు. మాకు ఆ రాత్రి కూడా మూడు గిన్నెలు పెట్టాలి, ఆ పెట్టేటప్పుడు చెయ్యి నాలుగోదాని కోసం వెళ్తుంది.

మిగిలినవాటికి తెలుస్తుందా? 2024లో అమెరికాలో ఓక్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగు వందలమందికి పైగా పెంపకందారుల్ని ఇదే అడిగారు. తోటి జంతువు పోయాక పిల్లులు తిండి, ఆట, నిద్ర తగ్గించాయని, మనుషుల వెంటపడటమో దాక్కోవడమో ఎక్కువైందని, ఎంతకాలం కలిసి బతికితే మార్పు అంత ఎక్కువని వాళ్లు చెప్పారు. పరిశోధకులు ఇంకో మాట కూడా కలిపారు. మనకు దుఃఖం ఎక్కువగా ఉంటే పిల్లిలోనూ ఎక్కువ దుఃఖం కనబడుతుందట. నిజమే కావచ్చు. కాటుక విషయంలో మాత్రం త్రాసు అబద్ధం చెప్పదు కదా. తల్లి పోయిన నాటి నుంచి గిన్నె వాసన చూసి పక్కకు తిరిగేది. ఆ వంతు ఉప్మా తినేవాడు, గిన్నె ఖాళీగానే కనబడేది.

పిల్లికి దిగులు దిగులుతో ఆగిపోదు. మనం రెండు రోజులు పస్తుంటే నీరసపడతాం, అంతే. పిల్లి, అందులో బొద్దుగా ఉన్న పిల్లి, మూడు నాలుగు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరుతుంది. కాలేయం పనిచేయడం మానేస్తుంది, చెవుల లోపలి చర్మం పచ్చబడుతుంది. తల్లి చావుతో మొదలైంది పిల్ల చావుదాకా పోవచ్చన్నమాట. కాటుకను వేరే గదిలో పెట్టి, చేప ఉడికించిన నీళ్లు గోరువెచ్చగా చేసి, వేలితో మూతికి రాస్తూ వచ్చాను. డాక్టరుగారు ఆకలి పుట్టే మందిచ్చారు. మూడోరోజు నా వేలు నాకి, తర్వాత వేలు కొరికి, ఆ తర్వాత గిన్నెకు వంగింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆదివారం తూకాల రోజు. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరులో ఆదివారం గడిలో తిథి, రాహుకాలం పక్కన ఇంకు పెన్నుతో బరువులు. మావారు పిల్లిని ఎత్తుకుని త్రాసు ఎక్కుతారు, తర్వాత వట్టిగా ఎక్కుతారు, తీసివేత నేను చేస్తాను. దాంతోపాటు ఆయన బరువు కూడా తెలిసిపోతోందని ఆయనకు నచ్చడంలేదు. రెండు వారాలు వరుసగా తగ్గితే ఆ పిల్లిని విడిగా పెట్టి చూస్తాం, ఎంత తిన్నది, ఎంత పోసింది. రోజూ ఒక్కొక్కరికీ వేరువేరు గిన్నె, పావుగంట, తర్వాత ఎత్తేయడమే. నన్నడిగితే, ఇలా ఒక్కొక్కదాన్నీ విడిగా చూడగలిగినన్ని మాత్రమే ఒకింట్లో ఉండాలి. అంతకు మించితే జాలితో చేర్చుకున్న పిల్లినే జబ్బుపాలు చేస్తాం. పశువైద్యం ఖర్చు సరే సరి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, దారులు తెలిసి ఉండటం మంచిది.

ఇదంతా మా అపార్టుమెంటులో అందరికీ చెప్పాను. అయినా మొన్న ఎవరో గేటు దగ్గర అట్టపెట్టె వదిలి వెళ్లారు. రెండు పిల్లలు, చెవుల్లో మురికి, పొట్టలో పురుగులు. వాచ్‌మన్ నన్నే పిలిచాడు, ఇంకెవర్ని పిలుస్తాడు? వాటిని ముందు బాత్రూములో పెట్టాం. రెండు వారాలపాటు ఎవరితోనూ కలవకూడదు, గిన్నెలు వేరు, తుడిచే గుడ్డ వేరు, లోపలికి వెళ్లొస్తే చేతులే కాదు చెప్పులూ మార్చుకోవాలి. మొదటి టీకా అయింది. ఉప్మా ఆ తలుపు ముందు అడ్డంగా పడుకుని కాపలా కాస్తున్నాడు, ఎవరిమీదో తెలియదు. హాస్టల్లో ఉండే ఇద్దరమ్మాయిలు వాటిని తీసుకుంటామన్నారు. ఇల్లు చూసుకుని రమ్మన్నాను, హాస్టల్లో పిల్లులు కుదరవు. అంతదాకా ఆ బాత్రూము వాటిదే. మావారు తువ్వాలు భుజాన వేసుకుని, సణుక్కుంటూ, రెండోదానికి వెళ్తున్నారు.